నాలుగు రెక్కల కాగితం: కడప తరగతి గది డైరీ

జూన్ చివరి వారం

ఈ ఏడాది నాకు ఏడు, తొమ్మిది తరగతుల తెలుగు ఇచ్చారు. ఏడులో 38 మంది ఉన్నారు. చదవమంటే చదువుతారు, రాయమంటే బోర్డు చూసి రాస్తారు. సొంతంగా ఒక వాక్యం చెప్పమంటే మాత్రం ఎప్పుడూ ఆ ఐదారుగురి గొంతులే వినిపిస్తాయి. మిగిలినవాళ్ళు మాటలు రానివాళ్ళు కారు, విరామంలో వాళ్ళ మాటలతో వరండా దద్దరిల్లిపోతుంది. నిన్న వాన పడింది. మైదానంలోకి వెళ్ళలేక గుంపులుగా కూర్చుని రాజు, రాణి, దొంగ, పోలీసు చీటీలు ఆడుకున్నారు. మడిచిన చీటీ తెరిచే ముందు ఒక్కొక్కరి ముఖంలో ఎంత ఆత్రమో! తరగతిలో పాఠ్యపుస్తకం తెరిచేటప్పుడు ఆ ముఖం నాకు ఒక్కసారి కూడా కనిపించలేదు.

మడతలో ఏముందో తెలియకపోవడమే ఆ ఆత్రానికి కారణం. తెలుగు పాఠాన్ని మడత లోపల పెట్టి చూడాలనిపించింది. అందరికీ తెలిసిన నాలుగు రెక్కల కాగితంతోనే మొదలుపెడదాం. నాలుగు జేబుల్లో నాలుగు వేళ్ళు దూర్చి ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తెరుస్తూ మూస్తూ ఆడేది అది.

కాగితాల విషయంలో మూడు రోజులు వృథా అయ్యాయి. వార్తాపత్రిక మెత్తగా ఉండి రెండు ఆటలకే వాలిపోయింది. పాత క్యాలెండర్ కాగితం మడత దగ్గర చిట్లుతుంది, దాని మీద పెన్ను పారదు. ఒకవైపే అచ్చయిన పాత ప్రశ్నపత్రాలు సరిగ్గా సరిపోయాయి. అవి 75 జీఎస్ఎం ఏ4 కాగితాలు. 21 సెంటీమీటర్ల చదరం తీస్తే 8.7 సెంటీమీటర్ల వెడల్పు ముక్క మిగులుతుంది. దాన్ని పారేయవద్దని చెప్పాను, చీటీలకు పనికొస్తుంది.

జులై మొదటి వారం

మడవడం నేర్పడానికి పావుగంట చాలనుకున్నాను, రెండు పీరియడ్లు పట్టింది. ఆ రెండు పీరియడ్లూ నేను అనుకోని భాషా పాఠాలు.

నేను మడిచి చూపించలేదు. మాటలతోనే చెప్పాను. "ఎదురెదురు మూలలు కలపండి. గోటితో నొక్కండి. విప్పండి. ఇప్పుడు రెండో కర్ణం. నాలుగు మూలలూ మధ్యబిందువు దగ్గరికి తీసుకురండి." ఇంతవరకు బాగానే సాగింది. తర్వాత "తిప్పండి" అన్నాను. సగం మంది కాగితాన్ని బల్ల మీదే చక్రంలా తిప్పారు, సగం మంది వెనక్కి తిరగేశారు. ఇద్దరూ చేసింది నా మాటే. తప్పు నా మాటలో ఉంది, "తిరగేయండి" అనాల్సింది. ఆ తేడాను పిల్లలే పట్టుకుని నాకు చెప్పారు. అప్పటి నుంచి ఇదే ఒక ఆటయింది. ఇద్దరు వీపులు ఆనించి కూర్చుంటారు, ఒకరు చెబుతారు, మరొకరు మడుస్తారు, చూడటానికి వీల్లేదు. "అలా కాదు, ఇలా" అనే మాటలు అక్కడ చెల్లవు. అంచు, మూల, సగం, లోపలికి, బయటికి, తిరగేయి అన్నీ నోట్లోంచి రావాలి. వెనక బెంచీలో జూన్ అంతా నోరు విప్పని అమ్మాయి నిన్న తన జతకత్తెకు తొమ్మిది వాక్యాలు చెప్పింది. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

మా గణితం మాస్టారు కిటికీలోంచి చూసి లోపలికి వచ్చారు. చదరం మూలలు మధ్యకు మడిస్తే భుజం 21 నుంచి 14.85 సెంటీమీటర్లు అవుతుందని, తిరగేసి మళ్ళీ మడిస్తే సరిగ్గా సగం, అంటే 10.5 అవుతుందని పిల్లలతో కొలిపించారు. కాగితం మడతలతో రేఖాగణితం నేర్పే పుస్తకాన్ని టి. సుందరరావు 1893లోనే మద్రాసులో అచ్చు వేయించారట, కిండర్‌గార్టెన్ పిల్లల మడతల పనే ఆయనకు ఆ ఆలోచన ఇచ్చిందట. 1901లో అది చికాగోలో కూడా అచ్చయింది. మన మద్రాసు నుంచి వెళ్ళిన మడతలు అని విన్నప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది.

ఏడో తరగతి చేతులకు 21 చదరం కొంచెం పెద్దది. 15 సెంటీమీటర్లది తీసుకుంటే వేళ్ళు హాయిగా పడుతున్నాయి.

జులై రెండో వారం

ఆట మొదటి రూపం ఇది. బయట నాలుగు రెక్కల మీద నాలుగు రంగుల పేర్లు, లోపల 1 నుంచి 8 వరకు అంకెలు, అంకెల అడుగున ఎనిమిది పనులు. ఎదుటివాళ్ళు ఒక రంగు చెబితే, ఆ పేరులో ఎన్ని అక్షరాలుంటే అన్నిసార్లు కాగితం తెరిచి మూయాలి. ఆగిన చోట కనిపించే నాలుగు అంకెల్లో ఒకటి ఎంచుకోవాలి. మామూలుగా అంకె ఎంచుకున్నాక ఇంకోసారి లెక్కపెడతారు. సమయం కలిసి వస్తుందని నేను అది తీసేశాను.

ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు రాయించాను. పది నిమిషాలయ్యాక ఒక అమ్మాయి లేచి, "టీచర్, నా కాగితంలో 3, 4, 7, 8 ఎప్పుడూ రావడం లేదు" అంది. పక్కవాళ్ళకూ అంతే. అందరికీ 1, 2, 5, 6 మాత్రమే వస్తున్నాయి.

నేను కాగితం చేతిలోకి తీసుకుని చూసుకున్నాను. ఎ-రు-పు. ప-సు-పు. తె-లు-పు. న-లు-పు. అన్నీ మూడే! ఈ కాగితం బేసి సంఖ్యకు ఒకవైపు, సరి సంఖ్యకు ఇంకోవైపు తెరుచుకుంటుంది. నాలుగు రంగులూ మూడక్షరాలవి కావడంతో రెండు రెక్కలు మాత్రమే కనిపిస్తున్నాయి, మిగిలిన రెండింటి కింద పిల్లలు శ్రద్ధగా రాసిన నాలుగు పనులు చీకట్లో ఉండిపోయాయి. ఇంగ్లీషులో ఈ ఆట రంగు పేరును ఒక్కో అక్షరంగా పలుకుతూ ఆడతారు, అక్కడ రెడ్డుకు మూడు, బ్లూకు నాలుగు, కాబట్టి రెండు వైపులూ వస్తాయి. మన భాషకు మన లెక్క కావాలి. నీలం రెండు, ఆకుపచ్చ నాలుగు. వాటిని చేర్చగానే మూసుకుపోయిన రెక్కలు తెరుచుకున్నాయి.

దాంతో పాటు తగవూ తెరుచుకుంది. నీలంలో సున్న ఒక అక్షరమా? ఆకుపచ్చలో చ్చ రెండా, ఒకటా? తరగతి రెండు జట్లుగా చీలింది. గట్టిగా పలికి, చప్పట్లు కొట్టి చూడమన్నాను. నీ-లం. రెండు చప్పట్లకు మించి ఎవరికీ పడలేదు. ఆ-కు-ప-చ్చ. నాలుగే. "పెన్సిల్" అని ఎవరో అడిగారు. పె-న్సిల్. రెండు! నాలుగని పందెం కాసిన అబ్బాయి మూడుసార్లు చప్పట్లు కొట్టి చూసుకుని ఒప్పుకున్నాడు. సున్న, పొల్లు తమ ముందున్న అచ్చులోనే కలిసిపోతాయని, ఒత్తు తాను అంటిపెట్టుకున్న అక్షరంతోనే లెక్కకు వస్తుందని నిర్వచనాలతో నేర్పి ఉంటే ఎంతమందికి గుర్తుండేదో నాకు నమ్మకం లేదు. ఈ రోజు మాత్రం చేతులు ఎర్రబడే దాకా నేర్చుకున్నారు.

జులై మూడో వారం

లోపలి పనులు రెండు రోజులకే పాతబడ్డాయి. "చీకటికి వ్యతిరేక పదం" అని రాస్తే ఒకసారికే సరి, రెండోసారి రెక్క తెరవకముందే జవాబు చెప్పేస్తున్నారు. ప్రశ్నకు ప్రశ్న రాయించడం నా పొరపాటు. రెక్కలు కలిస్తే కొత్త వాక్యం పుట్టాలి.

కొత్త రూపంలో బయట నేను, అక్క, పిల్లలు, ఆవులు అని కర్తలు వచ్చాయి. లెక్క ముందే చూసుకున్నాను: రెండు, రెండు, మూడు, మూడు. లోపల ఎనిమిది క్రియలు, ఒక్కోదాని పక్కన నిన్న, రేపు, రోజూ లాంటి కాలం. తీసేసిన రెండో లెక్కను మళ్ళీ పెట్టాను. ఎంచుకున్న అంకె ఎంతో అన్నిసార్లు ఇంకా తెరవాలి, లేకపోతే అక్కకు ఎప్పుడూ సగం క్రియలే దక్కుతాయి. ఇప్పుడు నాలుగు ఇంటూ ఎనిమిది, ఒక్క కాగితంలో 32 వాక్యాలు. పక్కవాళ్ళతో కాగితాలు మార్చుకుంటే ఇంకో 32.

ఇక్కడే నాకు బాగా పట్టున్న చోటు వచ్చింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు నా తరగతిలో పదకొండు మంది. వాళ్ళలో ఒక అబ్బాయి "ఆవులు వచ్చారు" అన్నాడు. కొందరు నవ్వారు. నేను ఆట ఆపించి, "ఆవులు వచ్చాయి, పిల్లలు వచ్చారు. ఎందుకో ఒక్కరు చెప్పండి" అన్నాను. నవ్వినవాళ్ళలో ఎవరికీ తెలియదు. పుట్టినప్పటి నుంచి సరిగ్గా పలుకుతున్నారు తప్ప ఎందుకో ఎప్పుడూ చూసుకోలేదు. ఉర్దూలో బహువచనానికి కూడా ఆడ, మగ తేడా ఉంటుందని, తెలుగు మాత్రం అక్కడ మనిషా, కాదా అని అడుగుతుందని చెప్పాను. ఆ అబ్బాయి వెంటనే మూడు ఉర్దూ వాక్యాలు చెప్పి తేడా చూపించాడు. ఆ పీరియడ్‌లో వాడే గురువు.

అప్పుడు కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి అడిగిన ప్రశ్న నన్ను రాత్రంతా వెంటాడింది. "అక్క వచ్చింది, ఆవు వచ్చింది అంటాం. అక్కలు వచ్చారు, ఆవులు వచ్చాయి అంటాం. ఆడపిల్ల ఒక్కతే ఉంటే ఆవుతో పాటు, పదిమంది ఉంటే మనుషులతో పాటా టీచర్?" మగవాళ్ళకు మహద్వాచకం, ఆడవాళ్ళకు మహతీవాచకం, మిగిలినవాటికి అమహద్వాచకం అని వ్యాకరణం పెట్టిన పేర్లు చెప్పాను, అది జవాబు కాదని నాకు తెలుసు. భాష ఎప్పటి నుంచో అలా నడుస్తోందని, మర్యాదగా మాట్లాడేటప్పుడు "అక్క వచ్చారు" అని మనుషుల వైపు తెచ్చుకునే దారి కూడా భాషలోనే ఉందని అన్నాను. మరుసటి రోజు ఆ అమ్మాయి కాగితం మీద అక్క పక్కన "గారు" చేరింది. రెండక్షరాలు పెరిగినా లెక్క సరిసంఖ్యే కాబట్టి ఆట చెడలేదు. అది కూడా తానే చూసుకుంది.

జులై నాలుగో వారం

మడత కథ. పొడవాటి కాగితంలో మొదటివారు "ఎవరు" అన్నది రాసి మడిచేస్తారు. తర్వాతివారు ఎప్పుడు, ఆ తర్వాత ఎక్కడ, దేనిని, చివరివారు ఏమి చేశారు అన్నది రాస్తారు. ముందు రాసింది ఎవరూ చూడకూడదు.

మొదటి జట్టుది విప్పి చదివాను: "మా అవ్వ ఆదివారం మధ్యాహ్నం చెరువు గట్టు మీద ఎర్రబస్సును ఉతికాడు." నవ్వులు ఆగలేదు. ఆ నవ్వు రెండు రకాలు, బస్సును ఉతకడానికి కొంత, "ఉతికాడు"కు కొంత. మొదటిది నాకు కావాలి. రెండోది చివరివారి తప్పు కాదు, కర్త కనిపించకపోతే తెలుగు క్రియ పూర్తి కాదు మరి. మన వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది, కూర్చుని మొదటివారి వైపే చూస్తుంది.

అందుకని మడత అంచున కర్త రాసినవారే ఒక్క అక్షరం వదలాలని నియమం పెట్టాం: ను, డు, ది, రు, యి. పిల్లలు దానికి "తోక" అని పేరు పెట్టారు. కథ ఐదు చేతులు మారినా తోక మాత్రం అందరికీ కనిపిస్తుంది. ఇప్పుడు వాక్యం తప్పితే తోక తప్పా, క్రియ తప్పా అని విప్పి చూస్తే తెలిసిపోతుంది. అవ్వకు "ది" అని వేసిన పిల్లాడితో ఇంకొకడు పోట్లాడాడు. "మా అవ్వకు రు వెయ్యాల్సిందే" అంటాడు. రెండూ ఒప్పే అన్నాను, కానీ వాడు ఒప్పుకోలేదు. నాకు వాడి పట్టుదలే నచ్చింది.

ఒక్క కాగితంతో ఎనిమిది పేజీల చిట్టి పుస్తకం కూడా చేయించాను. అందరూ చేయగలరు, బాగుంది. కానీ దానిలో రాసేది మళ్ళీ మౌనంగానే రాస్తున్నారు. ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

ఆగస్టు మొదటి వారం

తొమ్మిదో తరగతికి ఛందస్సు మొదలైంది. ఎక్కువసేపు పలికే అక్షరం గురువు, తక్కువసేపు పలికేది లఘువు అనగానే అందరి ముఖాలూ వాలిపోయే పాఠం ఇది. ఏడో తరగతి కాగితాలు చూసి వాళ్ళూ అడిగారు. కాగితం రెండు వైపులా తెరుచుకుంటుంది కదా. గురువుకు నిలువుగా, లఘువుకు అడ్డంగా తెరవమన్నాను. ఒక్కో అక్షరానికి మధ్యలో మూయాలి.

పదాలు ఎక్కడి నుంచి తేవాలి? పుస్తకంలోవి వద్దనుకున్నాం. మిగిలిన కాగితం ముక్కల మీద చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు రాశారు. కడప: అడ్డం, అడ్డం, అడ్డం. మూడు లఘువులు వరుసగా వచ్చిన ఈ అక్షరాల గుంపు న గణం. గండికోట: నిలువు, అడ్డం, నిలువు, అడ్డం. రాయచోటి కూడా అంతే. ఒంటిమిట్ట దగ్గర "మి"ని అడ్డంగా తెరిచిన అబ్బాయిని పక్కవాడు ఆపాడు, వెనక "ట్ట" ఉంది కాబట్టి అది గురువు. మళ్ళీ నిలువు, అడ్డం, నిలువు, అడ్డం. ఎర్రగుంట్ల. మైదుకూరు. అదే నడక! ప్రొద్దుటూరు దగ్గర చాలామంది తడబడ్డారు. "ప్రొ"కు రావత్తు ఉంది కాబట్టి గురువు అన్నారు. జవాబు సరైనదే, కారణం తప్పు. తన ఒత్తు తనను గురువు చేయదు, వెనక వచ్చే "ద్దు" చేస్తుంది. "ద్దు" మాత్రం లఘువే. ఈ ఒక్క మాట కోసం నేను ఏళ్ళ తరబడి ఎన్ని సుద్దముక్కలు అరగదీశానో. కాగితాన్ని చేతిలో పట్టుకున్నప్పుడు మాత్రం ఒకరి తప్పును పదిమంది చూస్తారు, అక్కడే దిద్దుకుంటారు.

బోర్డు మీద ఆరు ఊళ్ళు వరుసగా నిలబడ్డాయి, ఆరింటికీ ఒకే తాళం, గురువు, లఘువు కలిసిన హ గణాలు రెండేసి. ఇన్నేళ్ళు ఈ బస్సుల బోర్డులు చదువుతున్నాను, ఒక్కసారీ వినలేదు. న గణం, హ గణం రెండూ సూర్యగణాలు. సూర్యగణాలు ఐదు వరుసగా పెడితే ఆటవెలది అనే పద్యంలో రెండో పాదం. వేమన పద్యాల్లో అందరి నోటా ఉండే ఆఖరి పాదాన్ని కాగితం మీద ఆడించి చూపాను. ఆ పద్యాలను ఏరి 1829లో అచ్చు వేయించిన సి.పి. బ్రౌన్ 1820లో ఈ కడపకు ఉద్యోగం మీద వచ్చినవారే. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. పిల్లల్లో సగం మంది రోజూ దాని ముందు నుంచే వస్తారు.

"అయితే మన ఊళ్ళతో పాదం వస్తుందా?" అని నేను అడగలేదు, వాళ్ళే అడిగారు. చీటీలు జరుపుతూ పోయారు. గండికోట రాయచోటి కడప అన్నారు, గణాలు ఐదూ సరిపోయాయి. యతి పడలేదు, అంటే మొదటి గణం తొలి అక్షరం "గ"కు నాలుగో గణం "చో" జత కాదు. ఇంకో పది నిమిషాలకు వెనక బెంచీ నుంచి వచ్చింది:

కడప మైదుకూరు గండికోట

కడప, మైదు, కూరు, గండి, కోట. క-గ యతి. తప్పు వెతకడానికి రెండుసార్లు ఆడించాను. లేదు. తరగతి మొత్తం నిలబడి కాగితాలు తెరుస్తూ మూస్తూ ఆ పాదం అరిచింది. పక్క తరగతి నుంచి మాస్టారు వచ్చి ఏమైందని అడిగారు.

ఆగస్టు రెండో వారం

ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజుకు పూర్తి పద్యం కావాలని తొమ్మిదో తరగతి పట్టు పట్టింది. ఆటవెలది మొదటి పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు కావాలి. పాత చీటీలు మళ్ళీ బయటికి వచ్చాయి. బద్వేలు: నిలువు, నిలువు, అడ్డం. వేంపల్లె: అదే. రెండూ త గణాలే, ఇంద్రగణాలకు పనికొస్తాయి. శుక్రవారం చివరి పీరియడ్‌లో ఒక అమ్మాయి ఇది తెచ్చింది:

పెన్న చెంత కడప వేంపల్లె బద్వేలు

గణాలు కుదిరాయి. పె-వే యతి కుదిరింది. నేను బోర్డు మీద రాస్తుండగా వేంపల్లె నుంచి వచ్చి ఇక్కడ మేనమామ ఇంట్లో ఉండి చదువుకునే అబ్బాయి లేచాడు. "మా ఊరి పక్కన పారేది పాపాఘ్ని టీచర్. పెన్న కాదు" అన్నాడు. గణాలు కుదిరితే చాలదు, ఏరు కూడా కుదరాలి అని వాడి వాదన. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "పాపాఘ్ని కమలాపురం దగ్గర పెన్నలోనే కదా కలిసేది" అంది. "కలిసేది కమలాపురంలో. మా ఊళ్ళో కాదు" అన్నాడు వాడు. బద్వేలు సంగతి ఇంకా ఎవరూ ఎత్తనే లేదు.

గంట కొట్టారు. ఎవరూ కదల్లేదు. బోర్డు తుడవవద్దని ఊడ్చే అమ్మకు చెప్పి వచ్చాను. సోమవారానికి ఇద్దరినీ చెరొక పాదం తెమ్మన్నాను.